పాత కంప్యూటర్‌కి తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్: ఎంపిక నుంచి ఇన్‌స్టాల్ దాకా

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. సొంతానికి వాడుకునేవాళ్లకి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు అందే పథకం ఒకటి ఉన్నా, అదీ 2026 అక్టోబర్ 13తో సరి. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. అలా పక్కన పడ్డ కంప్యూటర్లలో చాలావాటికి ఏ రోగమూ లేదు. విండోస్‌కి బదులు లైనక్స్ రకాల్లో సరైన ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి.

తేలికైన ఓఎస్ ఏదని అడిగితే వచ్చే జవాబుల్లో ఒక అంకె తప్పకుండా ఉంటుంది: ‘ఇది 200 ఎంబీ ర్యామ్‌లో నడుస్తుంది’ అని. అది అబద్ధం కాదు. కాకపోతే ఏ ప్రోగ్రామూ తెరవనప్పటి లెక్క అది. కంప్యూటర్ ఆన్ చేసి ఖాళీ తెర చూస్తూ ఎవరూ కూర్చోరు కదా! బ్రౌజర్ తెరిచి మెయిల్, ఒక వీడియో, ఇంకో రెండు మూడు ట్యాబులు పెట్టారంటే అదొక్కటే ఒకటి నుంచి రెండు జీబీల దాకా తినేస్తుంది. అసలు బరువు బ్రౌజర్‌ది. దానికి వీలైనంత చోటు మిగిల్చే ఓఎస్ మనకి కావాలి. నాలుగు జీబీల ర్యామ్ ఉన్నచోట రెండు ఓఎస్‌ల మధ్య 200 ఎంబీ తేడా పెద్ద లెక్కలోది కాదు. ఒక్క జీబీ ఉన్నచోట మాత్రం అదే ప్రాణం.

1. ముందు మెషీన్ చిట్టా తీయండి

విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే టూల్ తెరిచి ప్రాసెసర్ మోడల్, ర్యామ్ ఎంత, బయోస్ మోడ్ (కంప్యూటర్ లేచే పద్ధతి) పాత లెగసీనా కొత్త యూఈఎఫ్‌ఐనా, ఈ మూడూ రాసుకోండి. డివైస్ మేనేజర్‌లో వైఫై చిప్ పేరు, గ్రాఫిక్స్ పేరు దొరుకుతాయి. విండోస్ తెరుచుకోకపోతే బెంగ అక్కర్లేదు, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఓఎస్‌ని నడిపించేది) బూట్ చేసినా ఇవన్నీ కనిపిస్తాయి.

వీటిలో చాలామంది పొరబడేది 32-బిట్, 64-బిట్ విషయంలో. కంప్యూటర్‌లో 32-బిట్ విండోస్ ఉందంటే ప్రాసెసర్ కూడా 32-బిట్టే అనుకుంటారు. కానక్కర్లేదు. 64-బిట్ ప్రాసెసర్ మీద 32-బిట్ విండోస్ వేసి అమ్మిన మెషీన్లు బోలెడు. సిస్టమ్ టైప్ దగ్గర ‘ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్’ అని ఉంటే అది 64-బిట్. 2003లో వచ్చిన ఏఎండీ అథ్లాన్ 64, 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యుయో 64-బిట్‌వే. అదే 2006 నాటి కోర్ డ్యుయో, పేరులో ‘2’ లేనిది, 32-బిట్. 2008 ప్రాంతంలో చిన్న నెట్‌బుక్కుల్లో విరివిగా వాడిన ఆటమ్ ఎన్270 కూడా అంతే.

దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 32-బిట్ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. 32-బిట్ లైనక్స్‌కి క్రోమ్ 2016లోనే ఆగిపోయింది. ఎన్నో లైనక్స్ ఓఎస్‌లకి పునాది డెబియన్. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13కి అసలు 32-బిట్ ఇన్‌స్టాలరే లేదు. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 145 నుంచి 32-బిట్ లైనక్స్ ఎడిషన్ నిలిచిపోయింది. అంటే 32-బిట్ మెషీన్‌కి ఓఎస్ దొరికినా దాని మీద కొత్త బ్రౌజర్ దొరకడం కష్టం. 64-బిట్ ప్రాసెసర్ ఉంటే మాత్రం ర్యామ్ తక్కువైనా సరే 64-బిట్ ఓఎస్సే వేయండి. 32-బిట్‌తో కాస్త ర్యామ్ మిగలొచ్చు గానీ, ఆ మిగులు కోసం బ్రౌజర్‌ని పోగొట్టుకోవడం దండగ.

2. ఓఎస్ కంటే ముందు ఈ మూడు

హార్డ్ డిస్క్ తిరిగే రకమా, తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీనా చూడండి. తిరిగే డిస్క్ అయితే, ఏ ఓఎస్ మార్చినా రాని వేగం ఒక చిన్న సాటా (డిస్క్ తగిలించే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీతో వస్తుంది. ‘నా మదర్‌బోర్డ్‌లో సాటా 2 మాత్రమే ఉంది, ఎస్‌ఎస్‌డీ పెట్టి ఏం లాభం’ అని కొందరంటారు. సాటా 2లో గరిష్ఠ వేగం సెకనుకి 300 ఎంబీల దగ్గర ఆగిపోతుంది, నిజమే. కానీ తిరిగే డిస్క్ నెమ్మదించేది పెద్ద ఫైల్ చదవడంలో కాదు, అక్కడక్కడ చెదిరి ఉన్న వేల చిన్న ఫైళ్ల కోసం ముల్లు అటూ ఇటూ తిరగడంలో. ఒక్కో వెతుకులాటకి దానికి పది మిల్లీసెకన్లకి అటూ ఇటుగా పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు కూడా పట్టదు. సాటా 2 మీదైనా ఆ లాభం అలాగే ఉంటుంది. పాత డిస్కే ఉంచుకోవాలనుకుంటే విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో గానీ, లైనక్స్‌లో డిస్క్స్ ప్రోగ్రామ్‌తో గానీ స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ ఆరోగ్యం చెప్పే లెక్క) చూడండి. రీఅలోకేటెడ్, పెండింగ్ (చెడిన, చెడేలా ఉన్న) సెక్టార్ల అంకెలు పెరుగుతున్నాయంటే ఆ డిస్క్ మీద ఏ ఓఎస్ వేసినా నిలవదు.

ర్యామ్ రెండు జీబీల నుంచి నాలుగుకి పెంచగలిగితే మీ ఎంపిక ఒక్కసారిగా విస్తరిస్తుంది. డీడీఆర్2, డీడీఆర్3 ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టవు. మదర్‌బోర్డ్ ఎంత వరకు తీసుకుంటుందో మోడల్ నంబర్ పెట్టి చూసి మరీ కొనండి.

మూడోది చిన్నది, కానీ తల తినేస్తుంది. మదర్‌బోర్డ్ మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఏనాటికో వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ సర్టిఫికేట్ ఎర్రర్ చూపించి ఏ సైట్‌నీ తెరవదు. కొత్త ఓఎస్‌లో ఏదో లోపం ఉందని జనం దాన్ని రెండు మూడు సార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే చాలు.

3. డిస్ట్రో పేరు కాదు, డెస్క్‌టాప్ చూడండి

లైనక్స్ డిస్ట్రోల (లైనక్స్‌తో కట్టిన ఓఎస్‌ల) పేర్లు వందల్లో ఉంటాయి. లోపలి కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) అన్నింటికీ ఒకటే, వెర్షన్లే వేరు. ర్యామ్ వాడకంలో కంటికి కనిపించే తేడా తెచ్చేది డెస్క్‌టాప్, అంటే తెర మీద కనిపించే ప్యానెల్, మెనూలు, విండోలు. గ్నోమ్, సినమన్ అందంగా ఉంటాయి గానీ గ్రాఫిక్స్ చిప్ మీద ఆధారపడతాయి. పాత చిప్ ఉన్నచోట విండో జరిపినప్పుడల్లా తడబాటు తెలుస్తుంది. వీటికి ఒక మెట్టు కింద మేటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఇంకా కింద ఎల్‌ఎక్స్‌క్యూటీ. అట్టడుగున ఐస్‌డబ్ల్యూఎం, ఫ్లక్స్‌బాక్స్ లాంటి ఉత్త విండో మేనేజర్లు. ఇవి నిజంగానే తేలిక. అయితే చిన్న చిన్న సెట్టింగులకి కూడా ఫైళ్లు తెరిచి దిద్దుకోవాల్సి రావచ్చు.

నన్నడిగితే, విండోస్ నుంచి వచ్చేవాళ్లకి ఎక్స్‌ఎఫ్‌సీఈ దగ్గర మొదలుపెట్టడం మంచిది. కింద ప్యానెల్, మూలన మెనూ, కుడి పక్క గడియారం, అంతా అలవాటైన చోటే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్ అయితే ఇది ఇంకా ముఖ్యం. 150 ఎంబీ ర్యామ్ మిగిల్చి, వాళ్లకి వైఫై ఎక్కడ నొక్కాలో తెలియని డెస్క్‌టాప్ ఇచ్చి ఏం లాభం?

4. ర్యామ్‌ని బట్టి ఏది వేయాలి

నాలుగు జీబీలు, ఆపైన, 64-బిట్: లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. మింట్ వాళ్లు చెప్పే కనీస ర్యామ్ రెండు జీబీలు, వాళ్లే సిఫార్సు చేసేది నాలుగు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి. పాత కంప్యూటర్‌కి ఇది కలిసొచ్చే ఇంకో కారణం ఫైర్‌ఫాక్స్. ఉబుంటు, దాని కుటుంబంలోని లుబుంటు, జుబుంటు ఫైర్‌ఫాక్స్‌ని స్నాప్ (కావలసిన లైబ్రరీలన్నీ తనలోనే మోసుకొచ్చే రకం) ప్యాకేజీగా ఇస్తాయి. నెమ్మది డిస్క్ మీద అది మొదటిసారి తెరుచుకోవడానికి చాలా సేపు పడుతుంది. మింట్‌లో అది మామూలు ప్యాకేజీగానే వస్తుంది. డెబియన్ మీద ఆధారపడ్డ ఎంఎక్స్ లైనక్స్ కూడా ఇదే స్థాయిలో బాగుంటుంది. డ్రైవర్లు, బ్యాకప్, బూట్ రిపేర్ కోసం దానికి సొంత టూల్స్ ఉన్నాయి, అవి నిజంగా పనికొస్తాయి.

పని మొత్తం బ్రౌజర్‌లోనే అయిపోయేవాళ్లకి గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఒక దారి. దానికి 64-బిట్ ప్రాసెసర్, నాలుగు జీబీల ర్యామ్, 16 జీబీల డిస్క్ కావాలి. అప్‌డేట్ల గోల మనకి పట్టదు. కాకపోతే ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ మొత్తం చెరిగిపోతుంది, విండోస్‌ని పక్కన ఉంచుకోవడానికి వీల్లేదు, ప్లే స్టోర్‌లోని ఆండ్రాయిడ్ యాప్స్ రావు. గూగుల్ పరీక్షించిన మోడళ్ల జాబితా ఒకటుంది. మీ మోడల్ అందులో ఉందో లేదో, ఉంటే సపోర్ట్ ఏ సంవత్సరం దాకానో చూసుకున్నాకే దిగండి.

రెండు జీబీలు: ఇక్కడ ఎంపిక గట్టిగా ఆలోచించాలి. ఎంఎక్స్ లైనక్స్ ఫ్లక్స్‌బాక్స్ ఎడిషన్, ఎల్‌ఎక్స్‌క్యూటీతో డెబియన్, ట్రినిటీ డెస్క్‌టాప్‌తో క్యూ4ఓఎస్, ఈ మూడింట్లో ఒకటి. క్యూ4ఓఎస్ చూడ్డానికి పాత విండోస్‌లా ఉంటుంది, ఆ అలవాటు ఉన్నవాళ్లకి నచ్చుతుంది. లుబుంటు కూడా నడుస్తుంది. కానీ దాని ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) వెర్షన్లకి సపోర్ట్ ఉబుంటులా ఐదేళ్లు కాదు, మూడేళ్లే.

ఒక జీబీ, లేదా 32-బిట్ ప్రాసెసర్: యాంటీఎక్స్. ఐస్‌డబ్ల్యూఎంతో వస్తుంది, చూపులకి మోటుగా ఉన్నా పనిలో చురుకు. దీని 23వ వెర్షన్ డెబియన్ 12 మీద కట్టింది, 32-బిట్‌లోనూ దొరుకుతుంది. డెబియన్ 12 దీర్ఘకాల సపోర్ట్ 2028 జూన్ దాకా ఉంది కాబట్టి 32-బిట్ మెషీన్లకి అది ఆఖరి మంచి మజిలీ అనుకోవచ్చు. బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లైనక్స్ మరో రకం. మొత్తం ఓఎస్‌ని ర్యామ్‌లోకి ఎక్కించుకుని అక్కడి నుంచే నడుస్తుంది కాబట్టి డిస్క్ చెడిపోయిన కంప్యూటర్‌లో కూడా పెన్‌డ్రైవ్‌తో లేచి కూర్చుంటుంది. అయితే మామూలుగా అందులో మనం ఉండేది రూట్ యూజర్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా. బ్యాంకు పనులకి దాన్ని వాడొద్దు.

అర జీబీ, అంతకంటే తక్కువ: టైనీ కోర్ లాంటివి 20 ఎంబీల పైచిలుకు ఐఎస్‌వోలో (ఓఎస్ మొత్తం ఉండే ఫైల్‌లో) డెస్క్‌టాప్‌తో సహా ఇమిడిపోతాయి. ముచ్చటే. కానీ ఇప్పటి వెబ్‌సైట్లు ఆ ర్యామ్‌లో తెరుచుకోవు. టైపింగ్‌కి, పాటలు వినడానికి, నెట్‌తో పనిలేని ఏదో ఒక్క పనికి పెట్టుకోండి.

విండోస్‌ని వదలడం ఇష్టంలేక ఎవరో కత్తిరించి తయారుచేసిన ‘లైట్’ విండోస్ ఐఎస్‌వోల వెంట పడేవాళ్లున్నారు. అందులో ఏం తీసేశారో, ఏం కలిపారో తెలుసుకునే దారి లేదు. అలాంటి దానిలో పాస్‌వర్డ్‌లు టైప్ చేయొద్దు. విండోస్ 11 చెకింగ్‌ని దాటించే చిట్కాలకి కూడా హద్దుంది. 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు లేకపోతే అది బూటే అవదు. కోర్ 2 డ్యుయోలకి అవి లేవు. ఇక విండోస్ 7కి వెనక్కి పోదామంటే, 2023 మొదట్లో వచ్చిన 109వ వెర్షన్‌తోనే క్రోమ్ దాన్ని వదిలేసింది.

5. పెన్‌డ్రైవ్ తయారీ

ముందు మీ ఫొటోలు, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ‘లైవ్‌లో చూస్తాను అంతే’ అన్నవాళ్లు కూడా.

ఐఎస్‌వోని ఆ డిస్ట్రో సొంత సైట్ నుంచే దించి, అక్కడ ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైల్ సరిగ్గా దిగిందో చెప్పే అక్షరాల వరసతో) సరిపోల్చండి. ఒక్కటే పరీక్షించేటట్టయితే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ గానీ బలీనా ఎచర్ గానీ చాలు. రెండు మూడు చూడాలనుకుంటే వెంటోయ్ మేలు. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేస్తే ఐఎస్‌వో ఫైళ్లని మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవచ్చు, బూట్ అయ్యేటప్పుడు మెనూలో ఏది కావాలో అడుగుతుంది.

కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ బటన్ వరసగా నొక్కాలి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎఫ్11, ఎస్కేప్‌లలో ఏదో ఒకటి. పెన్‌డ్రైవ్ కనిపించినా బూట్ కాకపోతే సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ఓఎస్‌ని లేవనివ్వని సెట్టింగ్) ఆఫ్ చేసి చూడండి. మింట్, డెబియన్ అది ఆన్‌లో ఉన్నా లేస్తాయి, చిన్న డిస్ట్రోలలో కొన్ని లేవవు. ప్రాసెసర్ 64-బిట్ అయి ఉండి యూఈఎఫ్‌ఐ మాత్రం 32-బిట్‌గా ఉన్న చిన్న ఆటమ్ మెషీన్లు కొన్ని ఉన్నాయి. పెన్‌డ్రైవ్ అసలు జాబితాలోకే రాకపోతే ఆ అనుమానం పెట్టుకోండి.

6. ఇన్‌స్టాల్ చేయకుండానే పరీక్ష

పాత కంప్యూటర్ విషయంలో అసలు నిర్ణయం జరగాల్సింది ఇక్కడే, సమీక్షలు చదివి కాదు. లైవ్‌లో కనీసం గంటసేపు గడపండి. వైఫై తగులుతోందా? కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లు అదనపు డ్రైవర్ లేకుండా పనిచేయవు. ఆ డ్రైవర్ దించుకోవడానికి మళ్లీ నెట్ కావాలి! అందుకే నెట్ కేబుల్ గానీ, యూఎస్‌బీ టెథరింగ్‌కి ఫోన్ గానీ దగ్గర పెట్టుకోండి. తర్వాత శబ్దం, వెబ్‌క్యామ్, బ్రైట్‌నెస్ బటన్లు. ల్యాప్‌టాప్ మూత మూసి కాసేపాగి తెరవండి. నిద్రలోంచి లేవకపోవడం పాత ల్యాప్‌టాప్‌లలో తరచూ ఎదురయ్యే చిక్కు. ఒక డిస్ట్రోలో లేవనిది వేరే కెర్నల్ వెర్షన్ ఉన్న ఇంకోదానిలో లేవొచ్చు కూడా.

ఇక బ్రౌజర్. మీరు రోజూ తెరిచే సైట్లనే తెరవండి, అన్నీ ఒకేసారి. పక్కన టాస్క్ మేనేజర్ పెట్టుకుని ర్యామ్ ఎంత మిగిలిందో చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి ప్రోగ్రాములు తెరుచుకోవడం నిదానంగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తెరుచుకున్నాక స్క్రోలింగ్, టైపింగ్, ట్యాబ్ మార్చడం ఎలా ఉన్నాయన్నదే చూడాలి. లైవ్‌లో మార్పులన్నీ ర్యామ్‌లోనే దాచుకుంటుంది కనుక ఇన్‌స్టాల్ చేశాక ర్యామ్ కొద్దిగా ఎక్కువే మిగులుతుంది.

తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తే నోటో శాన్స్ తెలుగు ఫాంట్ వేస్తే సరిపోతుంది. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టూల్ ఉంది.

7. ఇన్‌స్టాల్

చిన్న డిస్క్ ఉన్న పాత కంప్యూటర్‌లో విండోస్‌నీ లైనక్స్‌నీ పక్కపక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. రెండింటికీ చోటు చాలదు, విండోస్ వైపు అప్‌డేట్లు ఎలాగూ ఎక్కువ కాలం రావు. బ్యాకప్ ఉంటే మొత్తం చెరిపేసి ఒక్కదాన్నే వేయండి. పార్టిషన్ల గురించి ఎక్కువ టెన్షన్ పడకుండా ఇన్‌స్టాలర్ చెప్పినట్టే పోనివ్వండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ అడిగినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి. కోర్ 2 డ్యుయో లాంటి వాటిలో ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్) లెక్కలకి ప్రత్యేక ఆదేశాలు లేవు, ఆ పనంతా ప్రాసెసర్ మామూలు పద్ధతిలో చేయాలి. బయట తిప్పే ల్యాప్‌టాప్ అయితే ఆ నెమ్మదిని భరించి అయినా పెట్టుకోవాల్సిందే. ఇంట్లో ఉండే డెస్క్‌టాప్‌కి అవసరమా అన్నది మీ ఇష్టం.

8. వేశాక చేయాల్సినవి

మొట్టమొదట జెడ్‌ర్యామ్. ఇది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా (ర్యామ్ నిండినప్పుడు ఆదుకునే అదనపు చోటుగా) వాడుతుంది. డిస్క్ మీది స్వాప్‌కి పోవడం కంటే ఇది ఎన్నో రెట్లు చురుకు. రెండు జీబీల మెషీన్ చివరి ట్యాబ్‌తో బిగుసుకుపోకుండా ఆదుకునేది ఇదే. ప్యాకేజీ మేనేజర్‌లో (ప్రోగ్రాములు దించి వేసుకునే చోట) వెతికితే దొరుకుతుంది.

ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేయండి. ప్రకటనలు పోవడం సంగతి అటుంచితే, వాటితో వచ్చే స్క్రిప్టులు పోయి ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద భారం తగ్గుతుంది. వీడియోలు ఆగి ఆగి నడుస్తుంటే కారణం చాలాసార్లు నెట్ కాదు, కోడెక్, అంటే వీడియోని కుదించే పద్ధతి. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 రకాల్లో పంపిస్తుంది. పాత గ్రాఫిక్స్ చిప్‌లకి తెలిసింది హెచ్264 వరకే, మిగతావాటి భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్264లోనే పంపుతుంది. అప్పటికీ తడబడితే 480పీకి దిగండి. పాత ల్యాప్‌టాప్ తెర మీద ఆ తేడా పెద్దగా తెలియదు.

స్టార్టప్‌లో లేచే ప్రోగ్రాముల జాబితా తెరిచి బ్లూటూత్, ప్రింటర్ లాంటివి వాడకపోతే ఆపేయండి. లిబ్రేఆఫీస్ బరువనిపిస్తే ఉత్తరాలకి అబీవర్డ్, లెక్కలకి న్యూమరిక్ ఉన్నాయి. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ ప్యాకేజీలు తమకి కావలసిన లైబ్రరీలని కూడా మోసుకొస్తాయి కాబట్టి చిన్న డిస్క్ ఉన్నవాళ్లు డిస్ట్రో సొంత ప్యాకేజీలనే వాడటం నయం.

ఇంత చేసినా కొన్నాళ్లకి భారంగా అనిపిస్తే వెంటనే డిస్ట్రో మార్చే పనిలో పడకండి. ఉన్నదాంట్లోనే ప్యాకేజీ మేనేజర్ నుంచి ఐస్‌డబ్ల్యూఎం దించి, లాగవుట్ అయ్యి, లాగిన్ తెర మీద సెషన్ మెనూలో దాన్ని ఎంచుకోండి. మీ ఫైళ్లు, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. నచ్చకపోతే మళ్లీ లాగవుట్ అయ్యి పాతదానికి మారొచ్చు.